నల్ల పిల్లి ఒకటి, ఇషాక్ చెవి ఒకటి

శక్కర్‌నగర్, బోధన్
12 ఆగస్టు 2024

ఇషాక్ భాయ్‌కి, స్టోరు రాజమల్లు సలాం.

ఇక్కడ నా ఎడమ మోకాలు తప్ప అందరూ బాగున్నారు. నువ్వు రిటైరై నిజామాబాద్ పోయి ఏడాది దాటింది. ఫోన్ చేస్తే నీకు వినపడదు. వాట్సాప్ పెడితే కళ్లద్దాలు దొరకలేదంటావు. ముప్పై ఏళ్లు మిల్లు పక్కన నిలబడి, రెండు చెవులూ ఫ్యాక్టరీకే ఇచ్చి వచ్చినవాడితో మాట్లాడాలంటే ఈ పోస్టు కవరే దిక్కు. ఒకందుకు ఇదే మంచిది. వాట్సాప్‌లో తిడితే తుడిచేయొచ్చు, కాగితం మీద తిడితే నిలబడుతుంది.

అసలు సంగతి చెప్తాను. మన చక్కెర ఫ్యాక్టరీకి ఈఆర్పీ వచ్చింది. జ్వరం పేరులా ఉంది కదా? నేనూ అట్లాగే అనుకున్నాను. కొత్త యజమాని హైదరాబాద్ నుంచి సుమన అనే మేడమ్‌ను పంపాడు. ఆమె క్యాంటీన్‌లో తెర కట్టి బొమ్మలు చూపించింది. చెరకు తూకం, బాయిలర్, స్టోరు, జీతాలు, చక్కెర అమ్మకం, అన్నీ ఒకే కంప్యూటర్‌లో కూర్చుని ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట. బాయిలర్ దగ్గర ఒక బోల్టు వాడితే స్టోరులో సంఖ్య దానంతట అదే తగ్గుతుంది. మరీ తగ్గితే కొత్తది కావాలని అదే రాస్తుంది. పెద్దసారు ఒక్క మీట నొక్కితే ఆర్డరు దుకాణానికి పోతుంది. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

నేను లేచి, "మేడమ్, అన్నీ గదే మాట్లాడుకుంటే ఇగ మేమెవలితోని మాట్లాడాలె?" అన్నాను.

అందరూ నవ్వారు, మన మేనేజర్ పరమేశ్వర్ సారు తప్ప. "మల్లన్నా, ఇరవై ఎనిమిదేండ్ల సంది స్టోరు నీ తలకాయల ఉన్నది. నీకు జొరమొచ్చి పంటే ఫ్యాక్టరీ పంటది. ఇగ గట్ల నడువది. కంప్యూటర్ల ఉంటది. ఎవలైన తీయొచ్చు, ఎవలైన ఇయ్యొచ్చు" అన్నాడు.

ఎవరైనా ఇవ్వొచ్చట. విన్నావా?

ఇప్పుడు నా పని ఏమిటంటే, స్టోరులో ఉన్న నాలుగు వేల పైచిలుకు వస్తువులను షీట్ల మీద రాయడం. పేరు, ఎన్ని ఉన్నాయి, ఏ అరలో ఉన్నాయి, ఎన్నింటికంటే తగ్గితే తెప్పించాలి, తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుంది. ఆ షీట్లు నిజామాబాద్‌లో ఒక టైపింగ్ ఆఫీసుకు పోతాయి. అక్కడెవరో ఆడపిల్లలు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారట.

మన వస్తువుల పేర్లు నీకు తెలియనివా? కంపెనీ పేర్లు డబ్బాల మీద ఉంటాయి, మనుషుల నోట్లో ఉండవు. రసం పంపు కప్లింగులో వేసే రబ్బరు మనకు 'నర్సన్న రబ్బరు'. ఒక దసరా నాడు అది తెగి పంపు ఆగితే, దుకాణాలన్నీ మూసి ఉంటే, నర్సన్న తన కొత్త చెప్పు కోసి అందులో పెట్టి సాయంత్రం దాకా నడిపించాడు. అప్పటి నుంచి కంపెనీ పంపే అసలు రబ్బరుకూ అదే పేరు. ఈల వేసే వాల్వు 'లింగవ్వ వాల్వు'. అది మొదటిసారి ఈల వేసినప్పుడు అక్కడ ఊడుస్తున్న లింగవ్వ చీపురు పారేసి చెరకు యార్డు దాకా ఉరికింది. షీట్లలో నేను ఆ పేర్లే రాస్తున్నాను. నాకు వేరే పేర్లు రావు.

కానీ అన్నీ నిజమే రాస్తే చేతులు దురద పెట్టవా? 412వ వరుసలో ఇట్లా రాశాను: 'పిల్లి, నల్లది. ఒకటి. ఉండు చోటు గోనె సంచుల పైన. వాడకం ఎలుకల నివారణ. ఒకటి కంటే తగ్గినచో వెంటనే తెప్పించవలెను. పట్టు కాలం రెండు రోజులు.' 413: 'నర్సన్న గురక, పెద్ద సైజు.'

చూద్దాం, కంప్యూటర్ ఏమంటుందో.

నీ మల్లు

*

ఖిల్లా రోడ్డు, నిజామాబాద్
20 ఆగస్టు 2024

మల్లూ,

నీ ఉత్తరం చదివి ఒక్కడినే నవ్వుతుంటే హుసేన్ బీ వంటింట్లోంచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఏమైందని సైగ చేసింది. పిల్లి అన్నాను. ఈసారి మెడ కింద కూడా పెట్టి చూసింది.

నవ్వు సరే. ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆ టైపింగ్ పిల్లలకు సరుకు ఏది, పరాచికం ఏది ఎట్లా తెలుస్తుంది? నువ్వు రాసింది రాసినట్టు ఎక్కించడమే వాళ్ల పని. రేపు తప్పు బయటపడితే షీటు రాసినవాడిని ఎవరూ అడగరు, ఎక్కించినవాళ్లనే అడుగుతారు. ఆ పిల్లి వరుస తీసేయ్. గురక కూడా.

ఇంకొకటి. నాకు దండ వేసిన రోజు గుర్తుందా? స్వీటు పెట్టారు, శాలువా కప్పారు. నా తర్వాత వచ్చినవాడికి మూడో మిల్లు బేరింగు ఎట్లా అలుగుతుందో, ఎట్లా బుజ్జగించాలో చెప్పడానికి మాత్రం ఒక్క పూట ఇవ్వలేదు. నా తలకాయలో ఉన్నది నాతోనే బస్సెక్కి నిజామాబాద్ వచ్చింది. ఇక్కడ దానికి పనేముంది? ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. కంప్యూటర్‌ను అంతగా తిట్టకు.

మా రిదా ఒక ఆఫీసులో చేరింది. ఆరు నెలల షరతు. డిసెంబర్ పదిహేనున చూసి, పని నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికి పంపుతారు. ఇంట్లో పొద్దున లేచి పనికి పోయేది ఇప్పుడు అదొక్కతే. టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లు దిగుతుంటే నేను డ్యూటీకి పోయినట్టే ఉంటుంది.

మొత్తం ఎన్ని షీట్లు పంపావో, ఇంకా ఎన్ని ఉన్నాయో రాయి.

ఇషాక్

*

శక్కర్‌నగర్, బోధన్
9 అక్టోబర్ 2024

ఇషాక్ భాయ్,

షీట్లెన్ని అని అడిగావు. నువ్వెప్పుడు ఆడిటర్‌వయ్యావు? మొత్తం నూట అరవై. అన్నీ పంపేశాను. పిల్లి అందులోనే ఉంది. పంపేసిన షీటు వెనక్కి అడిగితే పరమేశ్వర్ సారుకు అనుమానం వస్తుంది, అందుకని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే అడగబుద్ధి కాలేదు.

నిజామాబాద్ నుంచి అనుమానాల కాగితం ఒకటి వచ్చింది. అచ్చు వేసి పంపారు. అక్కడెవరో బాగా శ్రద్ధగల పిల్ల ఉన్నట్టుంది. '412వ వరుస, పిల్లి: ఇది యంత్ర భాగమా, పరికరమా, వాడితే అయిపోయే వస్తువా? దయచేసి తెలుపగలరు.' పరికరం అని రాశాను. '413, గురక: కొలత తెలుపగలరు.' సుమారు ఆరు అంగుళాలు అని రాశాను. '520, గుమ్మడికాయ.' ఇదేం అన్యాయం భాయ్? సీజన్ మొదట్లో బాయిలర్‌కు దిష్టి తీసే గుమ్మడికాయ స్టోరు నుంచే కదా ఇస్తాం? అబద్ధం రాస్తే అడిగారు, సరే. నిజం రాసినా అడుగుతున్నారు!

నీ చెవి గురించి కూడా అడిగారు. మర్చిపోయావా? నాలుగడుగుల ఇనుప కడ్డీ. ఒక కొన బేరింగుకు ఆనించి, రెండో కొన ఎడమ చెవికి పెట్టుకుని, 'ఇది ఎనిమిది రోజులు, అది సీజనంతా' అని డాక్టర్‌లా చెప్పేవాడివి. నువ్వు పోయినప్పటి నుంచి అది ఇరవై రెండో అరలోనే ఉంది. ఎవరూ ముట్టరు. అందరం 'ఇషాక్ చెవి' అనే కదా అంటాం, అదే రాశాను. 731వ వరుస. అదేమిటో తెలుపగలరు అన్నారు. ఏదో రాసి పంపాను లే.

రాసిపెట్టి ఉంటే బాగుండేది అన్నావు. రాసిపెట్టాక ఇక మనిషితో పనేముంది? నీకు తప్ప ఎవరికీ చెప్పని మాట చెప్తున్నాను. నాది ఏడో తరగతి, అదీ ఫెయిలు. నాకున్న డిగ్రీ అంతా ఏ వస్తువు ఏ అరలో ఉందో తెలియడమే. నూట అరవై షీట్లు నింపి చివరి షీటు కవర్లో పెడుతుంటే, నా సర్టిఫికెట్లు నేనే ఎవరికో ఇచ్చేస్తున్నట్టు అనిపించింది. ఈ భయం మొదటి షీటు నుంచే ఉంది. అందుకే మధ్యలో పిల్లిని పెట్టాను. ఒక్కటైనా నాది ఉండనీ అని.

నీ మల్లు

*

ఖిల్లా రోడ్డు, నిజామాబాద్
15 అక్టోబర్ 2024

మల్లూ,

నీ భయం చదివాను. దానికి నవ్వలేదు.

ఒక్కటే అడుగుతున్నాను, తప్పించుకోకుండా రాయి. 731కి ఏం జవాబు రాశావు?

ఇషాక్

*

శక్కర్‌నగర్, బోధన్
26 నవంబర్ 2024

ఇషాక్ భాయ్,

చెరకు క్రషింగ్ మొదలై పది రోజులైంది. తీరిక లేక జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం కూర్చుని చదువు, నిలబడి చదివితే పడతావు.

మన నల్ల పిల్లి సంగతి నీకు తెలిసిందే. మిల్లు తిరగడం మొదలైందంటే ఆ చప్పుడుకు చెరకు తోటల్లోకి పోయి మళ్లీ ఎండాకాలమే వస్తుంది. ఈసారీ పోయింది. సుమన మేడమ్ మనుషులు సరుకు లెక్కపెట్టడానికి వచ్చి, షీటు పట్టుకుని అర అర తిరిగారు. గోనె సంచుల దగ్గర ఆగారు. చూశారు. 'పిల్లి: సున్న' అని రాసుకుని ముందుకు పోయారు. నిజం భాయ్, ఒక్కడు కూడా నవ్వలేదు!

తెల్లారి కంప్యూటర్ చూసుకుంది. ఉండవలసింది ఒకటి, ఉన్నది సున్న. పిల్లి కావాలని అదే రాసింది. ఆ రోజు పరమేశ్వర్ సారు ముందు రెండు వందల నలభై కొనుగోలు ఇండెంట్లు ఉన్నాయట. ఒక్కొక్కటి చదవకుండా 'అన్నీ ఓకే' అనే మీట నొక్కేశాడు. నిజామాబాద్ గంజ్ బజారులో మనకు గోనె సంచులు, తాళ్లు పంపే షోయబ్ దుకాణానికి ఆర్డరు పోయింది. నల్ల పిల్లి, ఒకటి, రెండు రోజుల్లో అందజేయవలెను. షోయబ్ నేరుగా యజమానికే ఫోన్ చేసి, "సాబ్, ఆడదా మొగదా? ఆర్డర్ల రాయలే" అని అడిగాడట.

ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో పండగే. కానీ పైవాళ్లకు మండింది. నిజామాబాద్ ఆఫీసుకు చెప్పి, తమాషాగా కనిపించిన పేర్లన్నీ కంప్యూటర్ నుంచి తీయించేశారు. నూట అరవై మూడు. ఇంకో కొత్త రూలు కూడా పెట్టారు. కంప్యూటర్ చిట్టీ ఇస్తేనే స్టోరు నుంచి వస్తువు బయటికి పోవాలి.

అసలు మజా ఇక్కడుంది. ఆ నూట అరవై మూడింట్లో తమాషాలు రెండే. మిగతావన్నీ నిజమైన సరుకే! లింగవ్వ వాల్వు పోయింది, నర్సన్న రబ్బరు పోయింది, నీ చెవీ పోయింది. వస్తువులు నా అరల్లో ఉన్నాయి, కంప్యూటర్ మాత్రం లేవంటుంది. నేను ఎవరికీ చెప్పలేదు. సీజన్ నడుస్తోంది. రేపో ఎల్లుండో ఒకటి అవసరం పడుతుంది. అప్పుడు చూద్దాం, తలకాయ గొప్పదా, డబ్బా గొప్పదా.

షీట్లు ఎక్కించిన నిజామాబాద్ పిల్లను తీసేస్తారట. "సదువుకున్న పిల్లనేనా గామె? పిల్లిని ఎట్ల ఎక్కిచ్చింది?" అని పరమేశ్వర్ సారు ఫోన్‌లో అరుస్తుంటే విన్నాను. పాపం అనిపించింది. ఎవరి బిడ్డో. కానీ నేనేం చేస్తాను? చదవకుండా మీట నొక్కింది ఆయన.

నీ మల్లు

*

ఖిల్లా రోడ్డు, నిజామాబాద్
29 నవంబర్ 2024

రాజమల్లుకు,

ఎవరి బిడ్డో అన్నావు. నా బిడ్డ.

రిదా చేరింది ఆ టైపింగ్ ఆఫీసులోనే. నీ నూట అరవై షీట్లు దాని బల్ల మీదికే వచ్చాయి. ఆగస్టులోనే చెప్పాల్సింది. చెప్పలేదు. మల్లు భయపడుతున్న కంప్యూటర్‌ను నింపుతున్నది నా బిడ్డే అని ఏ ముఖం పెట్టుకుని రాయను? నువ్వు నన్ను పరాయివాడిగా చూస్తావనుకున్నాను. పైగా ఎవరి సిఫారసూ లేకుండా తెచ్చుకున్న పని, 'అబ్బాజాన్, మీ దోస్తుకు చెప్పొద్దు, నా పని నేనే నిలబెట్టుకుంటా' అంది. చెప్పి ఉంటే నువ్వు పిల్లిని అప్పుడే తీసేసేవాడివి. ఆ తప్పు నాది.

కానీ నువ్వు నాకు రాయని సంగతి ఒకటి ఉంది. తప్పించుకోకుండా రాయమన్నా రాయలేదు. అది నాకు అక్టోబర్ నుంచే తెలుసు. ఒక సాయంత్రం రిదా ఇంటికి వచ్చి బుర్ఖా కూడా తీయకుండా నా ముందు కూర్చుంది. కాగితం మీద రాసి చూపించింది. 'అబ్బా, ఇషాక్ చెవి అంటే ఏంటి? మీ మల్లు కాక ఈ జవాబు పంపిండు.' కింద నీ జవాబు రాసింది.

'పాతబడినది. ఎడమది పనిచేయదు.'

నేను నవ్వాను. దాని ముందు నవ్వాల్సి వచ్చింది. కడ్డీ సంగతి చెప్పాను. అదంతా విని, 'మరి ఎడమది అని ఎందుకు రాసిండు' అని మళ్లీ రాసింది. నేను కాగితం మడిచి దాని చేతికిచ్చి, అన్నం తినమన్నాను.

ఆ నూట అరవై మూడు తీసేయమన్నప్పుడు, తీయొద్దు, ఇవి మా నాయన ఇంట్లో అనే పేర్లే, నిజమైన వస్తువులని మూడుసార్లు పైకి రాసిందట. ఎవరూ వినలేదు. పదిహేనో తారీఖు దాకా రావచ్చు, ఆ తర్వాత అవసరం లేదన్నారు. పొద్దున అదే డబ్బా పట్టుకుని అవే మెట్లు దిగి పోతోంది.

నిన్ను నేను ఏమీ అడగడం లేదు.

ఇషాక్

*

శక్కర్‌నగర్, బోధన్
2 డిసెంబర్ 2024

ఇషాక్ భాయ్,

ఉత్తరం ముట్టింది. నాలుగుసార్లు చదివాను. దీనికి జవాబు కాగితం మీద ఇచ్చేది కాదు.

మల్లు

*

శక్కర్‌నగర్, బోధన్
5 డిసెంబర్ 2024

ఇషాక్ భాయ్,

మూడో తారీఖు పొద్దున పరమేశ్వర్ సారు గది ముందు నిలబడదామని బయల్దేరాను. గేటు దాటక ముందే మిల్లు ఆగింది. రసం పంపు కప్లింగు రబ్బరు తెగిపోయింది.

నేను స్టోరుకు చేరేసరికి నర్సన్న ఉరికి వచ్చాడు. "మల్లన్నా, నా రబ్బరు ఇయ్యి జల్ది."

రబ్బరు పందొమ్మిదో అరలో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చిట్టీ కోసం కంప్యూటర్‌లో కొట్టారు. అటువంటి వస్తువు లేదంది. ఇంకో పేరుతో కొట్టారు. లేదంది. పది నిమిషాల్లో పరమేశ్వర్ సారు, సుమన మేడమ్, అందరూ నా కిటికీ ముందు చేరారు. బయట చెరకు ట్రాక్టర్లు కోటగిరి రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయి. కోసిన చెరకు ఎండలో ఎంతసేపు ఆగుతుంది? ఒక రైతు ట్రాక్టర్ దిగి వచ్చి, "ఏమైందే మల్లన్నా, చెరుకంత ఎండు కర్రలైతున్నది" అన్నాడు.

భాయ్, నేను నాలుగు నెలలు ఎదురుచూసింది ఈ గడియ కోసమే. డబ్బా ఓడిపోయింది. అందరూ నా తలకాయ వైపే చూస్తున్నారు. "మల్లన్నా, ఉన్నదా లేదా గది చెప్పు" అని పరమేశ్వర్ సారే అడిగాడు, ఎంత మెత్తగా అడిగాడనుకున్నావు! ఒక్క మాట అంటే చాలు. 'చూసినవా సారూ, నీ కంప్యూటర్.' ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు ఆ టిఫిన్ డబ్బా గుర్తుకొచ్చింది.

రబ్బరు తీసి నర్సన్న చేతిలో పెట్టాను. "నువ్వు పో, పంపు నడిపియ్యి" అన్నాను. తర్వాత కిటికీలోంచి కాదు, బయటికి వచ్చి అందరి ముందు నిలబడి చెప్పాను.

"సార్, కంప్యూటర్ తప్పు లేదు. నిజామాబాద్ పిల్ల తప్పు అసలే లేదు. నేను రాసి పంపిందే ఆ పిల్ల ఎక్కిచ్చింది. అడుగుతె గూడ నేనే ఉల్టా జవాబు రాసిన. తీసేసిన వాట్లల్ల రెండే తమాషాలు, తతిమ్మాయన్ని అసలు సరుకు. నాకు ఎరికే. ఎరికుండి చెప్పలే."

"పిల్లి గూడ నువ్వేనా?" అన్నాడు సారు.

"పిల్లి గూడ నేనే సార్."

"గురక?"

"గురక నర్సన్నదే సార్. రాసింది నేను."

వెనుక ఎవరో నవ్వి ఆపుకున్నారు. నాకు నవ్వు రాలేదు. సారు ముఖం మిరపపండైంది. "ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసు మల్లన్నా! నిన్ను ఇయ్యాలనే ఇంటికి తోలొచ్చు, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. మీట నొక్కిందెవరో నేను అనలేదు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆ మాట అని ఉంటే నాకు కాస్త మేలయ్యేదేమో, కానీ అప్పుడది ఇద్దరి కొట్లాట అయిపోయి రిదా సంగతి మూలన పడేది.

సుమన మేడమ్ అక్కడికక్కడే ఫోన్ తీసి తనకు వచ్చిన పాత ఉత్తరాలు చూసుకుంది. చాలాసేపు చూసింది. "ఈ అమ్మాయి మూడుసార్లు రాసింది. నేనే పట్టించుకోలేదు" అంది. రిదా పేరు రాసిన కాగితం నేను జేబులో పెట్టుకునే వచ్చాను, అవసరం రాలేదు. ఆ పేరు మేడమే పలికింది.

నా శిక్ష విను. స్టోరు తాళాలు తీసుకున్నారు. రేపటి నుంచి రోజూ బస్సెక్కి నిజామాబాద్ వచ్చి, ఆ ఆఫీసులో ఆ పిల్ల పక్కనే కూర్చుని, నాలుగు వేల వస్తువులు ఒక్కొక్కటీ సరిచేయించాలి. తాళాలు మళ్లీ ఇచ్చేదీ లేనిదీ దాని తర్వాత. మిల్లు మాత్రం గంటన్నరలో తిరిగింది.

731 గురించి క్షమాపణ ఉత్తరంలో అడగను. అడిగితే నువ్వు చదివి మడిచిపెడతావు.

మల్లు

*

నిజామాబాద్, మీ ఇంటికి మూడు వీధుల అవతల
18 డిసెంబర్ 2024

ఇషాక్ భాయ్,

దీనికి పోస్టు లేదు. రిదా చేతికే ఇస్తున్నాను. రోజూ మీ గల్లీ మలుపు దాకా వస్తున్నాను, అక్కడి నుంచి కాళ్లు బస్టాండ్ వైపు తిరుగుతున్నాయి.

మొదటి రోజు తలుపు దగ్గర నిలబడ్డాను. "రాండ్రి కాకా, కూసోండ్రి" అంది. కుర్చీ జరిపింది. తిట్టలేదు. తిడితే నాకు అలవాటే, ఏదో ఒకటి అనేవాడిని. నీళ్ల సీసా నా వైపు జరిపి, "ఒకటో వరుస చెప్పుండ్రి" అంది. అంతే.

నాలుగు రోజులు ఆ పిల్ల అడిగింది, నేను చెప్పాను. ఐదో రోజు దానికో ఆలోచన వచ్చింది. కంపెనీ పేరు ఒక గడిలో, దాని పక్కన 'పిలుపు పేరు' అని ఇంకో గడి పెడదామని సుమన మేడమ్‌ను అడిగి ఒప్పించింది. ఇప్పుడు ఎవరైనా 'నర్సన్న' అని కొడితే చాలు, కప్లింగు రబ్బరు, దాని నంబరు, పందొమ్మిదో అర, అన్నీ వస్తాయి. నర్సన్నకు ఫోన్‌లో చెప్తే, "గురక కొడితే ఏమొస్తది?" అన్నాడు.

ఒకటి గమనించాను భాయ్. అన్నీ చెప్పేస్తే తలకాయ ఖాళీ అవుతుందనుకున్నాను. కాలేదు. ప్రతి పేరు వెనుకా ఏదో ఒకటి ఉంది కదా, అది ఏ గడిలోనూ పట్టదు. రిదా కొట్టడం ఆపి వింటోంది. లింగవ్వ ఉరికిన సంగతికి అది నవ్వితే పక్క బల్లలవాళ్లు కూడా లేచి వచ్చారు.

నిన్న 731 వచ్చింది. తీసేసినవన్నీ మళ్లీ తెర మీదికి తెస్తోంది కదా, నా జవాబుతో సహా వచ్చింది. 'పాతబడినది. ఎడమది పనిచేయదు.'

"ఇది ఉంచాల్నా, తీసెయ్యాల్నా కాకా?" అంది.

అప్పుడు చెప్పాను, నువ్వు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదట. మూడో మిల్లు దగ్గర నువ్వు కడ్డీ చెవికి పెట్టుకుని, ఉన్నట్టుండి అందరినీ అవతలికి జరగమని అరిచిన రోజు సంగతి. నేను బోల్టుల డబ్బా పట్టుకుని ఆ రోలరు పక్కనే ఉన్నాను. నువ్వు నా కాలరు పట్టి లాగావు. బేరింగు పగిలి దాని ముక్క నేను నిలబడ్డ చోట గోడలో దిగింది. ఆ చప్పుడు కడ్డీలోంచి నేరుగా నీ ఎడమ చెవిలోకి పోయింది. ఆ రోజు నుంచి ఆ చెవి వినలేదు. నేను మాత్రం ఇంకా వాగుతున్నాను.

అది తెలిసి కూడా ఆ జవాబు రాశాను. నాకు ఏడుపొచ్చే సంగతైతే దాని మీదే ముందు పరాచికం ఆడతాను. నీకు తెలుసు కదా నా రోగం. ఆ పిల్లకు ఎట్లా తెలుస్తుంది?

రిదా కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత ఆ జవాబు తుడిచేసింది. గడులు ఒక్కొక్కటే అడిగింది. సంఖ్య? ఒకటి. అర? ఇరవై రెండు. పరిస్థితి? మంచిది.

"ఇది పోతే ఇంకోటి తెప్పియ్యడానికి ఎన్ని రోజులు పడ్తది కాకా?"

"ముప్పై ఏండ్లు" అన్నాను.

"రోజులల్ల చెప్పాలె. ఏండ్లు తీసుకోదు" అని తనే లెక్క కట్టి పదివేల తొమ్మిది వందల యాభై అని కొట్టింది. కంప్యూటర్ మారుమాట లేకుండా తీసుకుంది.

దాని పని ఖాయమైన సంగతి నీకు తెలిసే ఉంటుంది. నా తాళాల సంగతి ఇంకా తేల్లేదు. రేపటితో ఇక్కడి పని అయిపోతుంది.

మల్లు

*

ఖిల్లా రోడ్డు, నిజామాబాద్
18 డిసెంబర్ 2024, సాయంత్రం

మల్లూ,

మూడు వీధుల దూరం నుంచి ఉత్తరం రాసే మొనగాడిని నా జన్మలో చూడలేదు. జవాబు కూడా రిదా చేతికే ఇస్తున్నాను, నువ్వు నాకంటే చెవిటివాడివి కాబట్టి.

ఉత్తరం చదివాను. నువ్వన్నట్టే మడిచిపెట్టాను. ఎక్కడ పెట్టానో నీకు చెప్పను, ఆ ఒక్క అర నీ తలకాయలో ఉండక్కర్లేదు.

ఇప్పుడు పని మాట. రిదా చెప్పింది, మీ కంప్యూటర్‌లో ఆర్డరు ఒకటి ఇంకా తెరిచే ఉందట. దాన్ని ఎవరూ మూయలేకపోతున్నారు. సరుకు ముట్టినట్టు స్టోర్ కీపర్ సంతకం పెడితే గానీ అది మూసుకోదట. పరమేశ్వర్ సారు పెడతానంటే కూడా ఒప్పుకోలేదట, రాజమల్లు సంతకమే కావాలంటోందట. నీ తాళాలు రేపు ఇచ్చేస్తున్నది అందుకేనని రిదా అంటోంది. నాకైతే ఇంకో కారణం కూడా ఉండొచ్చనిపిస్తుంది, కానీ నువ్వు ఉబ్బిపోతావని రాయను.

షోయబ్ మాట మీద నిలబడే వ్యాపారి. దుకాణంలో ఈనిన పిల్లి పిల్లలు కాస్త పెద్దవి కాగానే, స్టోరుకు కాకుండా మా ఇంటికే పంపమని రిదా చెబితే, ఆర్డరు ప్రకారం ఒకదాన్ని బుట్టలో పెట్టి పంపాడు. నల్లది, ఒకటి. మూడు రోజుల నుంచి మా ఇంట్లోనే ఉంది. హుసేన్ బీ పాలు పోసి పోసి దాన్ని పాడు చేస్తోంది. నిన్న నా కళ్లద్దాల మీద పడుకుంది.

రేపు పని అయ్యాక గల్లీ మలుపు దగ్గర బస్టాండ్ వైపు తిరగకు. హుసేన్ బీ నీకు కూడా వండుతోంది. వచ్చి, సరుకు చూసుకుని, సంతకం పెట్టి తీసుకుపో.

ఎడమ వైపు కూర్చోకు. ఆ వైపు ఎంత అరిచినా వినపడదు, కుడి చెవి దగ్గర అరిస్తే ఇంకా కాస్త వినపడుతుంది.

ఇషాక్